జబ్బు కుక్కను తోడుకెళ్ళిన ఆదివారం

మా కుక్కకు రెండు రోజులుగా వాంతులవుతున్న సంగతి కుక్కల శిక్షణ తరగతిలో నేను చెప్పలేదు.

మదనపల్లెలో ఆదివారాలు ఒక మామిడితోపులో ఆ తరగతి జరిగేది. మేము పుంగనూరు నుంచి వెళ్ళేవాళ్ళం. మొదటి వారం "కూర్చో" అని చెప్పగానే అన్ని కుక్కలూ కూర్చున్నాయి, మాది తప్ప. వారమంతా దానికి నేర్పించాను. అది నేర్చుకుందని అందరికీ చూపించాలనుకున్నాను.

బయలుదేరుతుంటే నా భార్య అడ్డుపడింది.

"అది సంగటి గూడా ముట్టలేదు, యాల తోడుకపోతాండావు? నువ్వే పోయి కూర్చో, చప్పట్లు కొడతారు."

"గాలి తగిలితే అదే తేరుకుంటాది," అన్నాను.

శిక్షకుడు మొదటి వారంలాగే అడిగాడు. "అందరివీ బాగుండాయా అప్పా? నలతగా ఉంటే గేటు బయటే కట్టేయండి."

బాగుందన్నట్టు నేను తలూపాను. మాది చెప్పగానే కూర్చుంది, చప్పట్లు కొట్టారు. తర్వాత అన్నింటికీ పెట్టిన ఒకే బేసిన్లో నీళ్ళు తాగింది. దాని వెనకే, వాయల్పాడు నుంచి వచ్చే ఒకావిడ కుక్కపిల్ల తాగింది.

మరునాడు పశువుల డాక్టరు మా కుక్కది అంటురోగమని చెప్పాడు. అప్పుడైనా శిక్షకుడికి ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. మాది కోలుకుంది. పది రోజులకు ఆ కుక్కపిల్ల అదే రోగంతో చనిపోయింది. శిక్షకుడు ఆ మాట చెబితే "అయ్యో" అని ఊరుకున్నాను.

రెండేళ్ళ తర్వాత వాయల్పాడు వెళ్ళి, ఆవిడ ఇంటి గడప బయటే నిలబడ్డాను.

"అమ్మా, ఆ పొద్దు నా కుక్కకి జబ్బని నాకు తెలుసు. తెలిసే తోడుకొచ్చినా. మీకు చెప్పకుండా దాచినా. తప్పు నాది, క్షమించమ్మా."