బావ ముట్టిన మంత్రి, నేను ముట్టిన గుర్రం

పోయినేడు మా బాన్సువాడ ఫంక్షన్ హాల్లో చెస్ పోటీలు పెట్టారు. గెలిస్తే జిల్లా జట్టులో చోటు దొరికే ఆఖరి ఆటలో నాకు ఎదురుగా వచ్చి కూర్చున్నది ఎవరో కాదు, వర్నిలో ఉండే మా అక్క భర్త. ఆయన రేటింగ్ నాకంటే చాలా తక్కువ. నాకు నవ్వొచ్చింది.

ముట్టుకున్న పావును కదపాల్సిందేనన్నది పోటీల్లో నియమం. ఆట మధ్యలో బావ మంత్రిని ముట్టుకుని, కదిపితే అది పోతుందని తెలిసి నాలుక కరుచుకున్నాడు.

"చెయ్యి తగిలింది బామ్మర్ది, ఏమనుకోకు."

ఇంటల్లుడి మీద అంపైర్‌కు ఏమని చెప్తాం? ఊరుకున్నాను.

కాసేపటికి, గెలిచేస్తున్నానన్న తొందరలో, రాజుకు కాపలాగా ఉన్న గుర్రాన్ని నేను ముట్టుకున్నాను. తప్పు తెలిసి వదిలేసేలోపే బావ చెయ్యెత్తాడు.

"సార్, గీయన గుర్రాన్ని ముట్టిండు."

"మరి ఇందాక నీ మంత్రి సంగతేంది బావా?"

"అప్పుడు నువ్వు అడగలే కదా."

గుర్రాన్ని కదపక తప్పలేదు. తర్వాతి ఎత్తుకే నా ఆట కట్టింది.

సాయంత్రం అల్లుడు గెలిచాడని అమ్మ కోడికూర వండింది. గిన్నెలో మిగిలిన లెగ్ పీసు మీద నేను చెయ్యి వేశాను.

"అది బావకు పెట్టు" అంది అమ్మ.

"ముట్టుకున్నా కదమ్మా, ఇగ నేనే తినాలె."

"అల్లునికి రూల్సేంది బిడ్డా" అంటూ అమ్మ దాన్ని తీసి బావ పళ్లెంలో వేసింది. ఆయన వద్దనలేదు.

ఇప్పుడు ఏ పోటీకి వెళ్లినా ఎదుటి మనిషి రేటింగ్ తర్వాత చూస్తాను. ముందు మాకేమైనా చుట్టమా అని కనుక్కుంటాను.