బెల్లంతో అంటించిన నంబరు

మా కారు తాళం ఇప్పుడు నా కొంగున ఉంటుంది. ఈ ఒక్క ముక్క రాయడానికే కూర్చున్నాను కాబట్టి ముందే రాసేశాను. అది నా దగ్గరికి ఎలా వచ్చిందో ఇక తీరిగ్గా చెబుతాను. కొంచెం గొప్పగానే చెబుతాను. గెలిచినవాళ్ళు తగ్గి మాట్లాడాలని ఎక్కడా లేదు.

మాది చోడవరం. ఒకే ఇంట్లో మా అత్తగారు, ఆమె పెద్దకొడుకైన మా బావగారు, మా ఆయన, నేను. బావగారిది చెరకు, వరి వ్యవసాయం. మా ఆయనకు విశాఖలో షిఫ్టుల ఉద్యోగం. నేను రోలుగుంట వైపు ఒక పల్లెలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతాను. బడికి వెళ్ళాలంటే రెండు ఆటోలు మారాలి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే క్రషింగు రోజుల్లో అయితే ఆటో చెరకు ట్రాక్టరు వెనక పడిందంటే ఇక ఆ రోజు ప్రార్థన అయిపోయాకే నేను గేటు దాటడం. హెడ్మాస్టరుగారు ఏమీ అనరు, గోడ గడియారం వైపు మాత్రం చూస్తారు. తిట్టినా బాగుండేది.

అందుకే కారు కొందామనుకున్నప్పుడు అందరికంటే ముందు అవునన్నది నేనే. వేసవి సెలవుల్లో అనకాపల్లి వెళ్ళి డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు పరీక్ష మొదటిసారే గట్టెక్కాను. మా బావగారు ఎన్నోసారికి గట్టెక్కారో పెద్దవారు కాబట్టి చెప్పను.

కారైతే వచ్చింది. తాళం మాత్రం బావగారి మొలతాడుకెక్కింది. పశువుల పాక తాళం, బీరువా తాళం, కారు తాళం, మూడూ అక్కడే. ఆయన నడిచొస్తుంటే గంగిరెద్దు వస్తున్నట్టు చప్పుడయ్యేది. బడికి కారులో వెళ్తానని అడిగితే ఒకటే జవాబు.

"రోడ్డు మంచిది కాదమ్మా."

అదే రోడ్డు మీద ఆయన రోజూ వడ్డాది వెళ్ళొస్తారు. ఆయన వెళ్ళేటప్పుడు అది మంచి రోడ్డు. మా ఆయన్ని మాట్లాడమంటే ఆయనది గోడ మీద పిల్లి వాటం. అన్నయ్య ముందు అన్నయ్య మాట, నా ముందు నా మాట.

ఇంతలో నంబరు ప్లేట్ల గొడవొచ్చింది. షోరూము వాళ్ళు బిగించి ఇచ్చిన రేకు ప్లేట్లు బావగారికి నచ్చలేదు. "ఇదేటి, రేషను డిపో బోర్డులాగుంది" అన్నారు. వడ్డాదిలో ట్రాక్టర్లకు దేవుళ్ళ పేర్లు, దీవెనలు అంటించే స్టిక్కర్ల కొట్టు ఒకటుంది. కారు అక్కడికి తోలుకెళ్ళి, రెండు ప్లేట్లూ ఊడబెరికించి, నంబరును కారు ఒంటి మీదే స్టిక్కరు ముక్కలతో అంటించుకొచ్చారు. వాలుగా రాసిన నల్లటి అంకెలు, అటో చెరకు గడ, ఇటో చెరకు గడ. పెళ్ళికొడుకును దింపినట్టు వాకిట్లో దింపి మమ్మల్ని చూడమన్నారు.

"బావగారూ, ఇది చెల్లదండి" అన్నాను. "అంటించిన నంబరును నంబరు ప్లేటు అనరు. వాళ్ళిచ్చిన రేకే ఉండాలి. పరీక్షకి చదివేను."

"అమ్మా, నంబరెందుకు? కనబడ్డానికి. కనబడతందా లేదా?"

"కనబడుతుంది."

"మరింకేటి?"

"కనబడితే చాలదండి. ఎవరూ ఊడదీసి మార్చడానికి వీల్లేకుండా ఉండాలి. అందుకే ఆ రేకు మీద ముద్ర, దాన్ని బిగించిన ఆ రివెట్లు."

"చోడవరంలో మన కారు నంబరు ఎవడు మారుస్తాడమ్మా" అని నవ్వారు. నవ్వి ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్నే. "పంతులమ్మవి, బళ్ళో పిల్లలకి సెప్పు రూల్సు" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రేపు పోలీసులు ఆపితే ఏమంటారు?" అన్నాను.

"ఏ పోలీసైనా ఈ స్టిక్కరు సెల్లదన్నాడంటే ఆ పూటే ఈ తాళం నీకిచ్చెత్తాను. అమ్మ సాచ్చి."

అత్తగారు అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్నారు. తలెత్తకుండానే "ఇన్నాను" అన్నారు. ఆ రోజు నుంచి రోడ్డు మీద ఏ ఖాకీ చొక్కా కనబడినా నాకు పుట్టింటి మనిషిని చూసినట్టుండేది. కానీ ఒక్కరూ ఆపలేదు. అందరూ బావగారికి తెలిసినవాళ్ళే. రోజులు గడిచిపోతున్నాయి, నేను ఆటోలోనే పోతున్నాను, హెడ్మాస్టరుగారు గడియారం చూస్తూనే ఉన్నారు.

మా అత్తగారికి ఒక పద్ధతి ఉంది. శుక్రవారం వచ్చిందంటే ఇంట్లో మనకు పని చేసిపెట్టే ప్రతిదానికీ బొట్టు పెడతారు. గడపకు, గ్యాసు పొయ్యికి, మిక్సీకి, ట్రాక్టరుకు. ఉత్త పసుపు ఇనుము మీద నిలవదని నువ్వుల నూనెలో కలిపి రాస్తారు. కారుకు ముందు అద్దం కింద ఒక బొట్టు, వెనక నంబరు మీద నిండుగా పూత. ఆమె కుడికంట్లో శుక్లం ముదిరింది, ఎడమకన్ను కూడా అంతంత మాత్రమే. చేత్తో తడుముకునే రాసేవారు.

కొన్నాళ్ళకు కారు వెనక చీమలు కనిపించాయి. బారులు తీరి డిక్కీ మీదికి ఎక్కుతున్నాయి. చెరకు పండించే ఇల్లు, ఎక్కడో రసం కారి ఉంటుందిలే అనుకున్నాను.

అత్తగారి కంటి ఆపరేషనుకు విశాఖలో ఆస్పత్రి వాళ్ళు రోజు ఇచ్చారు. నేను సెలవు పెట్టాను. బావగారు నడుపుతున్నారు, పక్కన అత్తగారు, వెనక సీట్లో నేను, ఫ్లాస్కు, దుప్పటి. అనకాపల్లి దాటి హైవే మీద కొంతదూరం వెళ్ళామో లేదో, బళ్ళు ఆపి చూస్తున్నారు. కుర్ర ఎస్సైగారు మా కారును పక్కకు తీయమని చెయ్యి ఊపారు.

నేను సీటు అంచుకు జరిగి కూర్చున్నాను. భయంతో కాదు.

ఆయన ముందు నుంచి చూశారు, వెనక్కి వెళ్ళి చూశారు, మళ్ళీ ముందుకొచ్చారు.

"ఏటి బాబూ, ముందొక నంబరు, ఎనకొక నంబరు. ఇవి రెండు కార్లా?"

బావగారు నవ్వబోయి ఆగిపోయారు. దిగి వెనక్కి వెళ్ళారు. నేనూ దిగాను. ముందు భాగంలో చివరి అంకె ఆరు. వెనక అదే అంకె తొమ్మిదై కూర్చుంది, దాని చుట్టూ చీమలు. ఎస్సైగారు ఆ నంబరును చేతిలోని యంత్రంలో కొట్టి చూపించారు. అది ఎవరిదో స్కూటరట.

"ఎవరు మార్చేరు?"

"మాకేటి తెలుసండి, మా కారేనండి, కాగితాలున్నాయండి" అని బావగారు గాభరాగా కాగితాలు తీస్తున్నారు. కారు దొంగతనం కేసు చూసినట్టే చూస్తున్నారు ఆ ఎస్సైగారు. అప్పుడు ముందు సీట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నానే అంటించేను బాబూ."

అందరం అటు తిరిగాం. ఆమె ఏ తప్పూ చేయని మనిషి చెప్పినట్టు చెప్పుకొచ్చారు. "వాకిట్లో పడుందా ముక్క. తోకున్న నల్ల ముక్క. కారంటే లచ్చిమి కదా, ఒంటి మీద ముక్క పోతే అరిష్టమని బెల్లం పాకం పెట్టి అంటించేను. ఉడుంపట్టు పట్టింది."

"నాకు సెప్పొచ్చు గదమ్మా" అన్నారు బావగారు నీరసంగా.

"సెప్తే నువ్వెళ్ళి ఆ స్టిక్కరు కొట్టోడి మీద పడతావని సెప్పలేదు."

నూనె పసుపుకు జిగురు వదిలి అంకె రాలింది. పొర కమ్మిన కంటికి ఆరేదో తొమ్మిదేదో తెలియక ఆమె తలకిందులుగా పెట్టారు. ఎస్సైగారు వంగి, గోటితో ఆ అంకెను ఒక్క గీకు గీకారు. బెల్లం పట్టు ఎంతైనా బెల్లం పట్టే, ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని వేలి మీద పెట్టుకుని, చీమను ఊదేసి, బావగారి ముఖం ముందు పట్టుకున్నారు.

"సూడు బాబూ. కళ్ళు కనబడని మామ్మ, ఇంత బెల్లం ముక్కతో నీ కారు నంబరు మార్చేసింది. అదే దొంగైతే ఎంతసేపు? రేకు ప్లేటు ఉండాలనేది ఇందుకే. అంటించిన నంబరు సెల్లదు."

సెల్లదు. నేను నా పెళ్ళిలో మంత్రాలు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

ఆస్పత్రికి వెళ్తున్నామని విని ఆయన మెత్తబడ్డారు. అంకెను తిప్పి సరిగా అంటించి, చలానా రాసి, వెంటనే అసలు ప్లేట్లు బిగించుకోకపోతే ఈసారి కారు కదలదని చెప్పి వదిలారు. బావగారు డ్రైవరు తలుపు దగ్గరికి వెళ్ళారు. నేను ఆ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాను.

"ఇప్పుడా అమ్మా" అన్నారు. "అయినా ఆయన రూలు సెప్పేడు గాని..."

"ఒరే" అన్నారు అత్తగారు లోపలి నుంచి. "నాకు పొర కంటికి కమ్మింది గాని సెవికి కాదు. సెల్లదన్నాడు. తాళం ఇచ్చీ."

కారు తాళం చేతిలో ఉన్నా, దాని పొడుగాటి గొలుసు మొలతాడుకే ముడేసి ఉంది. ఆయన కారు వైపు తిరిగి, చొక్కా ఎత్తి, ముడి విప్పడానికి తంటాలు పడ్డారు. ఎన్నాళ్ళ ముడో, అంత తొందరగా రాలేదు. లారీలు పోతూనే ఉన్నాయి, నేను చెయ్యి చాపి నిలబడే ఉన్నాను. చివరికి తాళం నా అరచేతిలో పడింది, వెచ్చగా ఉంది.

సీటు ముందుకు జరుపుకున్నాను. ఆయన కాళ్ళు పొడుగు, నావి పొట్టి. అద్దం సర్దుకున్నాను. అందులో వెనక సీట్లో ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్న బావగారు కనిపించారు. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు. హైవే మీద విశాఖ దాకా నేనే నడిపాను. అత్తగారు దారి పొడవునా నిద్రపోయారు. భయపడిన మనిషి నిద్రపోదు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఆపరేషను బాగా జరిగింది. ఇంటికొచ్చాక అసలు ప్లేట్ల కోసం వెతకడం మొదలుపెట్టాను. పాకలో లేవు, అటక మీద లేవు. అత్తగారు కంటికి నల్లద్దాలతో వంటింట్లోకి నడిచి, బెల్లం కుండ మీది మూత ఎత్తి నా చేతిలో పెట్టారు. అదే మా నంబరు ప్లేటు. రెండోది మజ్జిగ కుండ మీద ఉంది.

"మంచి రేకే, ఒక్క చీమ దూరలేదు" అన్నారు. కారుకుండాల్సిన ప్లేటు బెల్లానికి కాపలా కాస్తుంటే, ఆ బెల్లం కారెక్కి చీమలను పిలిచింది అన్నాను. బావగారు ఆ మాటకు నవ్వలేదు. నేను రెండింతలు నవ్వాను. కడిగి అనకాపల్లి షోరూముకు తీసుకెళ్తే, ఊడబెరికిన రివెట్లు మళ్ళీ పనికిరావని వాళ్ళు కొత్తవి వేసి బిగించారు. ఇప్పుడు శుక్రవారం బొట్టు ప్లేటు పక్కన పడుతుంది. అంకెల మీద చెయ్యి పెట్టనని అత్తగారు తానే అన్నారు, ఇప్పుడు ఆమెకు అంకెలు కనబడతాయి.

ప్రార్థన గంటకు ఎంతో ముందే బడికి చేరుకున్న మొదటి రోజు, గడియారం వైపు నేనే చూశాను. హెడ్మాస్టరుగారు రాలేదింకా.

మొన్నొక ఉదయం బావగారు వాకిట్లో నిలబడ్డారు. చెయ్యి అలవాటుగా మొలతాడు మీదికి వెళ్ళి, ఖాళీగా వెనక్కి వచ్చింది.

"అమ్మా, గోవాడలో ఫ్యాక్టరీ దగ్గర పనుంది. తాళం ఓపాలి ఇత్తావేటి?"

"ఇవ్వనండి. దింపుతాను, ఎక్కండి."

"రోడ్డు బాగోలేదు మరి" అన్నారు, గొంతు తగ్గించి.

"నాకు బాగానే ఉందండి" అన్నాను.

ఆయన ఎక్కి కూర్చున్నారు. నేను కొంగు ముడి విప్పి, తాళం తీసి, నా చోట కూర్చున్నాను. సీటు జరుపుకోవాల్సిన పని లేదు. ఇప్పుడది నా కాళ్ళ కొలతకే ఉంటుంది.