సిస్టరమ్మ రాయొద్దన్న మాట

మొన్న మంగళవారం పొద్దున చర్చి మైకులో సిస్టరమ్మ పోయిన సంగతి చెప్పారు. నేను గడ్డం గీసుకుంటున్నాను. దుఃఖం కంటే ముందు, ఇక ఆ సంగతి ఎవరికీ తెలియదులే అన్న నిశ్చింత మనసులోకి వచ్చింది. అందుకు సిగ్గుపడుతూనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కమలాపురంలో మా పక్కిల్లే ఆమెది. మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా చేసి రిటైరయింది. వీధంతా సిస్టరమ్మ అనే పిలిచేది. ఏ పని మొదలుపెట్టినా ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది. నా రాతప్రతిని ముట్టుకునే ముందు కూడా అంతే.

అప్పట్లో నేను నవల రాస్తున్నాను. గండికోట సిపాయి ఒకడు రాసుకున్న డైరీ అది. పెన్న లోయలోంచి రాతిమనుషులు లేచి కోట మీదికి వస్తుంటారు. ఏ రోజు పోరాటం ఆ రోజే సిపాయి రాసుకుంటాడు. మొదటి పోరాటం నాలుగు పేజీలు రాసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమెకు చదివి వినిపించాను. కత్తి మెరిసింది, నెత్తురు చిమ్మింది, రాతితల దొర్లిపోయింది.

ఆమె అంతా విని, "వీనికి దెబ్బ యాడ తగిలింది?" అంది.

"కుడిభుజానికి."

"మరి నాలుగు పేజీలు ఏ చేత్తో రాసినాడప్పా?"

నేను పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నాను. ఆమె ఆగలేదు.

"పక్కన నిలబడి చూసినోడు రాసినట్ల ఉండాది ఇది. దెబ్బ తిన్నోనికి కత్తి ఎట్ల తిరిగిందో తెల్దు. నా దగ్గరికొచ్చినోళ్ళు శానామంది ముందు అడిగింది, నా చెప్పు యాడ పడిపోయిందని."

ఆ నాలుగు పేజీలూ చించేశాను. ఆ తేదీ కింద సిపాయి ఎడమచేత్తో రెండే ముక్కలు రాశాడు: చెప్పు ఒకటి పోయింది. పక్కన నిలబడినవాడు కూడా.

అప్పటినుంచి ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. "దప్పిక రాయి. నెత్తురు పోయినోడు నీళ్ళే అడుగుతాడు" అనేది. "అరుపులు తగ్గించు, నిజంగా తగిలినోడు మెల్లగా మాట్లాడతాడు" అనేది. ఆ నవలలో పోరాటం అని చెప్పుకోదగ్గదంతా ఆమె చెప్పిందే.

చివరి అధ్యాయంలో సిపాయి స్నేహితుడు చనిపోవాలి. ఎన్నిసార్లు రాసినా అది కుదరలేదు. నా అవస్థ చూసి ఆమె ఒక సంగతి చెప్పింది. చాలా ఏళ్ళ కిందట కొట్లాటలో గాయపడిన మనిషిని ఆసుపత్రికి తెచ్చారట. అతను ఆమె చెయ్యి పట్టుకుని, భార్యకు చెప్పమని ఒక మాట చెప్పి ప్రాణం వదిలాడు. ఆ మాటను సిస్టరమ్మ అతని భార్యకు చేర్చింది.

"నువ్వు తెలుసుకునేదానికి చెప్తాండా, రాసేదానికి కాదు" అంది.

"రాయను సిస్టరమ్మా" అన్నాను.

రాశాను. అక్షరం మార్చకుండా సిపాయి డైరీలో పెట్టాను. పుస్తకం వచ్చాక అందరూ ఆ పేజీనే మెచ్చుకున్నారు. కడపలో జరిగిన సభలో ఒకరు ఆ మాట ఎలా తట్టిందని అడిగితే, నాకే తెలియదు, కలం అలా నడిచింది అన్నాను. చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కముందే ఒక సాయంత్రం, నేను సిస్టరమ్మ వరండాలో కూర్చుని టీ తాగుతుండగా, ఒక నడివయసు స్త్రీ నా పుస్తకం పట్టుకుని వచ్చింది. బద్వేలులో టీచరు. చనిపోయిన ఆ మనిషి కూతురు.

"సిస్టరమ్మా, మా నాయన ఆఖరి మాట అమ్మకూ నాకూ నీకూ తప్ప ఇంకెవరికీ తెల్దు. ఇందులోకి ఎట్ల వచ్చింది?"

సిస్టరమ్మ నా వైపు తల తిప్పలేదు. "నేనే చెప్పినానమ్మా. నోరు జారినా. తప్పు నాది."

వద్దన్నా రాసింది నేను అంటే సరిపోయేది. అనలేదు. టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను.

"అమ్మ అది చదివి మూడు దినాలు అన్నం ముట్టలేదు" అని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

సిస్టరమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాతి ఆదివారం కొత్త కథ తీసుకెళ్ళాను. ఎప్పటిలాగే చేతులు కడుక్కుని వచ్చి కూర్చుని వింది. "బాగుండాది నాయనా" అంది. అప్పటినుంచి ఏది చదివినా బాగుండాదనే అంది. దెబ్బ యాడ తగిలిందని మళ్ళీ అడగలేదు.

సమాధి చేసిన మూడో రోజు సమాధుల తోటకు వెళ్ళాను. ఆ టీచరు ఒక్కతే అక్కడ ఉంది. దగ్గరికి వెళ్ళి చెప్పాను. "ఆ సాయంత్రం వరండాలో కూర్చున్నది నేనేనమ్మా. సిస్టరమ్మ రాయొద్దంది. నేనే రాసినాను."

"తెలుసు" అంది. "పుస్తకం వెనకట్ట మీద మీ ఫొటో ఉండాది గదన్నా. మీరు నోరు తెరుస్తారేమోనని శానాసేపు చూసినా."

మళ్ళీ అచ్చు వేస్తే ఆ పేజీ తీసేస్తానన్నాను.

"తీసేయండి. అమ్మ చదివిన పుస్తకంలో మాత్రం ఉంటాది."

ఆ మాట ఏమిటో ఇక్కడ కూడా రాయడం లేదు.

ఆమె పచ్చిమట్టి పక్కన గొంతుక్కూర్చుని, సమాధి మీది రాళ్ళు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టసాగింది. నేను రెండో వైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎండకు రాళ్ళు అప్పుడే కాలుతున్నాయి.