దొరసాని అన్నం మానేసిన వారం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరైనా తింటుంటే వాళ్ల వంక చూడటం పెద్ద తప్పు. ఉదయగిరిలో మా వీధిలో అందరిళ్లలోనూ ఇంతో అంతో ఉండేది కానీ మా ఇంట్లో మరీ ఎక్కువ. కంచం పెట్టి, కూర వేసి, చెంబుతో నీళ్లు పక్కన పెట్టి, మొహం అటు తిప్పుకోవాలి. చూస్తే దిష్టి తగులుతుంది, దిష్టి తగిలితే తిన్నది ఒంటబట్టదు. నేను బడికి వెళ్లింది ఐదో తరగతి వరకే. అక్కడ చెప్పినవన్నీ మరిచిపోయాను కానీ ఈ పాఠం మాత్రం మరవలేదు. ఈ పాఠంతోనే ఒక చిలకను చంపినంత పని చేశాను.

ఆ చిలక మా అవ్వది, అంటే మా నాయన తల్లిది. పేరు దొరసాని. గాలివానకు తాటిచెట్టు తొర్రలోంచి మా మేకల దొడ్లో పడినప్పుడు దానికి ఈకలు కూడా సరిగా రాలేదట. ఒక రెక్క వంకరపోయి ఎగరలేకపోయింది. అవ్వే శనగపప్పు నానబెట్టి, నలిపి, నోట్లో పెట్టి బతికించింది. (ఇప్పుడు రామచిలకను ఇంట్లో పెంచితే ఫారెస్టు వాళ్లు ఊరుకోరట. అప్పట్లో ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు.) పంజరం ఉండేది కానీ పిల్లి భయం ఉంటే తప్ప దాని తలుపు వేసేది కాదు. మా ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్లు పారేసిన కొయ్యముక్కలు ఏరుకొచ్చి, ముక్కు అరగదీసుకోవడానికి అందులో పడేసేది. ఎండాకాలం చేత్తో నీళ్లు చిలకరిస్తే రెక్కలు విప్పుకుని గిరగిరా తిరిగేది. పగలంతా అవ్వ భుజం మీదే దాని కాపురం. మేము ముద్దుగా వేలు చాపితే మాత్రం రక్తం కళ్లజూసేది.

నాకు పదిహేడేళ్లప్పుడు అవ్వకు కంట్లో శుక్లం ముదిరింది. ఆత్మకూరులో మా మేనత్త ఇంట్లో ఉండి ఆపరేషన్ చేయించుకోవాలి. పది రోజుల పని. మూట కట్టుకుంటూ అవ్వ ఏడుపు మొహం పెట్టింది, కంటి కోసం కాదు.

"దొరసానిని నువ్వు చూసుకుంటానంటే పొయ్యొస్తా. లేదంటే ఈ కన్ను ఇట్టే పోనీ," అంది నాతో.

"అదేమన్నా ఆవా, పాలు పితకడానికి? గుప్పెడు తిండి ఎయ్యలేనా అవ్వా?"

"ఎయ్యి, చూస్తాగా. దానికేమన్నా అయిందో, నీ చేతి నీళ్లు కూడా తాగను."

అవ్వ బస్సెక్కగానే నేను దొరసానికి విందు పెట్టాను. జామకాయ ముక్కలు, నానిన శనగలు, లేత సజ్జకంకి. నన్ను చూడటానికి వచ్చిన పెళ్లివాళ్లకు కూడా మా ఇంట్లో అంత మర్యాద జరగలేదు. గిన్నె పెట్టి, నేర్చుకున్న పద్ధతి ప్రకారం మొహం తిప్పుకుని వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. వచ్చేపోయేవాళ్ల చూపు పడుతోందేమోనని మర్నాడు పంజరం చుట్టూ పాత చీర కట్టాను. అయినా ముట్టలేదు. మూడో రోజుకు ఈకలు ఉబ్బించుకుని, నాకు వీపు చూపించి, మూల కూర్చుంది.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చీర తొలగించి చూసి, "దిష్టేనే. మీ అవ్వ పోతా పోతా కళ్లనీళ్లు పెట్టుకున్నాది గదా, ఆ కన్ను తగిలినాది," అని తేల్చింది.

"ఆపరేషన్ చేసే కన్నా పెద్దమ్మా, బాగుండే కన్నా?"

"ఏ కన్నయితే నీకేందే! ఉప్పూ మిరపకాయలూ తీసకరాపో."

ఎర్రటి మిరపకాయలు పిడికిట్లో పట్టుకుని పంజరం చుట్టూ తిప్పాను. మూడు రోజులుగా తల ఎత్తని దొరసాని తల ఎత్తింది. నా చెయ్యి ఎటు తిరిగితే దాని మెడ అటు తిరిగింది. "చూసినావా, దిగిపోతా ఉండాది!" అంది పెద్దమ్మ. నేను పరుగున పోయి వాటిని పొయ్యిలో వేశాను. మిరపకాయంటే ఆ చిలకకు ప్రాణమని, దాని ప్రాణాన్ని దాని కళ్ల ముందే తగలబెట్టానని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు. (పస్తున్న పొట్టకు మంట పుడుతుందని గిన్నెలో ఒక్క కాయ కూడా వేయలేదు మరి!)

ఆ సాయంత్రం నాయన సెల్లుకు అవ్వ ఫోన్ చేసింది.

"తింటుండాదా?"

"తింటుండాది అవ్వా."

"ఒకసారి మాట్లాడించు."

"నోట్లో తిండి పెట్టుకోని ఎట్ట మాట్లాడతాది?"

ఫోన్ పెట్టేశాక నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అది చస్తే ఆత్మకూరు బస్సు నేనే ఎక్కిస్తా. పోయి మీ అవ్వకు నువ్వే చెప్పుకో," అన్నాడు.

భయానికి ఆ పూట నాకూ ముద్ద దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. ఆకలికి ఆగలేక సంగటి, చెనక్కాయల పచ్చడి పెట్టుకుని, దిక్కులేనిదాన్లా పంజరం పక్కనే చతికిలబడ్డాను. చచ్చేముందు ఒకసారి చూసుకుందామని చీర తొలగించి, తలుపు తీసి, ఏడుస్తూ తింటున్నాను. గోళ్ల చప్పుడు వినిపించింది. దొరసాని బయటికొచ్చి, నా మోకాలెక్కి, మెడ చాచి నా నోట్లోకి చూస్తోంది! అలవాటు కొద్దీ నేను మొహం తిప్పుకున్నాను. అది వెనక్కి తగ్గింది. ఇటు తిరిగి ఇంకో ముద్ద పెట్టుకున్నాను. అది ముందుకొచ్చి కంచం అంచున ఉన్న సంగటి ఒక మెతుకంత కొరికింది. నేనొక ముద్ద, అదొక మెతుకు. నేను ఆపితే అదీ ఆపేది. దానికి తినిపించడానికి ఆ మధ్యాహ్నం ఇద్దరు మగవాళ్ల సంగటి నేనొక్కదాన్నే తిన్నాను.

అప్పుడు అర్థమైంది. అవ్వ దానికి ఏనాడూ "మేత" వేయలేదు. దాంతో కలిసి తినేది. ఒకే ఇంట్లో అన్నేళ్లుండి ఆ సంగతి నేనెందుకు చూడలేదంటే, తినేవాళ్ల వంక చూడకూడదు కదా!

మిగిలిన రోజులు దొరసానికి నాలుగు పూటలు, కాబట్టి నాకూ నాలుగు పూటలు. "ఏందే, చిలకను మేపమంటే నువ్వు మేస్తుండావు?" అనేవాడు నాయన.

పదో రోజు అవ్వ నల్ల కళ్లద్దాలతో దిగింది. ఆ అద్దాలు చూసి దొరసాని కీచుమని అరిచి, నా మెడ ఎక్కి జడలో దూరింది. అవ్వ గడప దగ్గరే ఆగిపోయింది. "పది రోజులకే నన్ను మరిచిపొయ్యినావా?" అంది దాంతో. ఎప్పుడూ తిట్టే గొంతు అది కాదు. నా దగ్గరికి చేరిందని గొప్పలు చెప్పుకోవాలని మూడు రోజులుగా కాచుకుని ఉన్నదాన్ని, ఆ గొంతు వినేసరికి ఒక్క గొప్పా నోటికి రాలేదు.

"మరిచిపోలా అవ్వా. నువ్వు పొయ్యినకాణ్నించి సరిగ్గా మెతుకు ముట్టలా. నీ మీదే బెంగ," అన్నాను.

"డాక్టరు తియ్యొద్దన్నాడు!" అని నాయన కేకలేస్తున్నా వినకుండా అవ్వ అద్దాలు తీసేసింది. దొరసాని తల వాల్చి ఒక కంటితో చూసింది, తిప్పి రెండో కంటితో చూసింది. తర్వాత నా చేతి మీదుగా ఒక్కో అడుగే దిగి అవ్వ దగ్గరికి నడిచింది. అవ్వ దాన్ని ఎదకానించుకుని, రెండు వేళ్లతో దాని రొమ్ము తడిమింది. తిండిలేని పిట్టకు అక్కడ ఎముక కొడవలిలా తగులుతుంది. కోళ్లను పెంచిన చేతులకు ఆ మాట ఒకరు చెప్పక్కర్లేదు. వేళ్లు అక్కడే ఆగాయి, కండ తప్ప ఎముక తగల్లేదు కాబోలు. తర్వాత అవ్వ నా వైపు, నా బూరె బుగ్గల వైపు చూసింది.

"అవునే పాపం, బాగా చిక్కిపొయ్యినాది," అంది.

నా అబద్ధం పారిందని చాలా ఏళ్లు మురిసిపోయాను. ఇప్పుడు నా కొడుకు నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. సెలవులకు వస్తే, "అక్కడ ముద్ద దిగదమ్మా, నీ చేతి కూరే గుర్తొస్తాది," అంటాడు. వాడి చొక్కా గుండీలేమో పొట్ట దగ్గర ఊడి రావడానికి సిద్ధంగా ఉంటాయి. నేను ఇంకో గరిటె వేస్తాను. అమ్మను భలే నమ్మించానని వాడు లోలోపల నవ్వుకుంటాడు. నవ్వుకోనీ పాపం, వాడికీ అప్పటి నాలాగే పదిహేడేళ్లు.