ఖాళీకి కాపలా

మా ఆయన డ్యామ్ గేట్లు చూసుకునే మనిషి. అందరూ ఆయన్ని గేట్లాయన అంటారు, నన్ను గేట్లాయన భార్య అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ పిలుపు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడెవరైనా నన్ను సొంత పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని నా దారిన నేను పోతాను.

మా డ్యామ్ గురించి ముందే ఒక మాట చెప్పాలి. మామూలుగా డ్యామ్ అంటే నీళ్ళు దాచుకోవడానికి కడతారు. మాది వరదను ఆపడానికి కట్టారు. అందుకని వానాకాలం వచ్చేసరికి అది వీలైనంత ఖాళీగా ఉండాలి. పైనుంచి ఒక్కసారిగా వచ్చిపడ్డ నీళ్ళని ఆ ఖాళీలో పట్టి ఉంచి, దిగువ ఊళ్ళు తట్టుకోగలిగినంత మెల్లగా వదలాలి. చూసేవాళ్ళకి ఇది ఒక పట్టాన ఎక్కదు. ఎండాకాలం చివర్లో ఆయన నీళ్ళు వదులుతుంటే, "బంగారంలాంటి నీళ్ళు, నేలపాలు చేస్తున్నాడు" అని తిట్టనివాళ్ళు లేరు. మా ఆడపడుచు కూడా ఏడిపించేది.

"ఏంటి వదినా మా అన్నయ్య ఉద్యోగం? ఖాళీకి కాపలా కాయడమా?"

నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ ఖాళీ విలువేంటో నాకు తెలుసు. నేను పుట్టింది దిగువనే. డ్యామ్ లేని రోజుల్లో రెండు మూడేళ్ళకోసారి నది మా ఇంట్లోకి వచ్చేది. మా అమ్మ మంచం మీద మంచం వేసి, దాని మీద మమ్మల్ని కూర్చోబెట్టి, తను నడుముల్లోతు నీళ్ళలో నిలబడేది. నీళ్ళు తీశాక గోడలు ఎంత కడిగినా బురద కంపు పోయేది కాదు. మా ఆఖరి చెల్లెలు ఒక వరద తర్వాత వచ్చిన జ్వరాలకే పోయింది. అందుకే గేట్లాయన సంబంధం వచ్చినప్పుడు మా నాన్న జీతమెంతని కూడా అడగలేదు. "డ్యామ్ మీద పనట" అని, తలూపేశాడు.

డ్యామ్ కట్టేటప్పుడు మా ఆయన కాంక్రీటు మోసే కూలీగా చేరారు. తర్వాత గేట్లు బిగించేవాళ్ళకి సాయంగా ఉంటూ పని నేర్చుకుని అక్కడే స్థిరపడ్డారు. గేట్లు పైకి లాగే లావుపాటి ఇనప తాళ్ళకి గ్రీజు రాయడం, మోటార్లు తిప్పి చూసుకోవడం, గేటు అంచుల్లో ఇరుక్కున్న చెత్త తీయడం, ఇదీ ఆయన లోకం. మా ఇంట్లో గ్రీజు అంటని వస్తువు లేదు. దిండు గలీబులకి గ్రీజు, తలుపు గడియకి గ్రీజు. చివరికి మా అమ్మాయి పెళ్ళి ఫోటో మీద కూడా ఇంత నల్లటి వేలిముద్ర.

"ఇది ఫోటో అనుకున్నారా, గేటు అనుకున్నారా?" అని అరిచాను.

"తుడిస్తే పోతుందిలే" అని, అదే చేత్తో తుడిచారు. ఆ తర్వాత పెళ్ళికొడుకు ముఖం కూడా కనబడలేదు.

మనిషి నెమ్మది. నేను పది మాటలంటే ఆయన ఒక్కటంటారు, అదీ తీరిగ్గా. కానీ డ్యామ్ మాటొస్తే మాత్రం కళ్ళు నెత్తికెక్కుతాయి. డ్యామ్ కట్టాక దిగువకి వరద రాలేదు. అదంతా తన చేతి చలవే అన్నట్టు మాట్లాడేవారు. ఆ గర్వమే మా కొంప ముంచింది.

మా అల్లుడు మొక్కలు పెంచి అమ్ముతాడు. మంచి పిల్లాడు, మట్టి ముట్టుకుంటే మొలక రావాల్సిందే. వాళ్ళు నర్సరీకి స్థలం వెతుకుతున్నప్పుడు నది పక్కనున్న పల్లం వాళ్ళ కంట పడింది. అది కరకట్టకి లోపలి వైపు ఉంటుంది. అంటే కట్టకి అవతల ఊరు, ఇవతల ఈ పల్లం, దాని పక్కనే నది. వరదలు మేట వేసిన మెత్తటి ఒండ్రు నేల, చూస్తేనే ముచ్చటేస్తుంది. అప్పటిదాకా అక్కడ ఇల్లన్నదే లేదు.

నేను చెవినిల్లు కట్టుకుని పోరాను. "అది నది చోటండీ. ఇన్నాళ్ళూ రాలేదని రేపు రాదా?" అన్నాను.

"నీకింకా చిన్నప్పటి భయం పోలేదు" అన్నారు మా ఆయన. అక్కడితో ఊరుకున్నారా? పిల్లలతో పాటు వెళ్ళి, ఆ నేల మీద కాలితో తన్ని మరీ, పదిమందీ వినేలా అన్నారు. "పైన నేనున్నాను. ఇక్కడికి చుక్క నీరు రాదు. నిశ్చింతగా కట్టుకోండి."

అంతే! ఆ మాట గాలికంటే ముందు ఊరంతా తిరిగింది. గేట్లాయనే కూతురికి అక్కడ ఇల్లు కట్టించాడంటే ఇంకేం కావాలి? వాళ్ళ పక్కన మంగలి ఇల్లు కట్టాడు. అతని పక్కన దర్జీ కట్టాడు. చూస్తుండగానే అదొక వీధి అయిపోయింది. నర్సరీ కూడా బాగా నడిచింది. ఇంటి ముందు ఆకుపచ్చ వల పందిరి, దాని కింద వరసగా నారు ట్రేలు, గులాబీ అంట్లు. నేను వెళ్ళినప్పుడల్లా మా అమ్మాయి చేతి గోళ్ళ నిండా మట్టి, నోటి నిండా కబుర్లు. నా భయం నాకే వెర్రిగా అనిపించడం మొదలైంది.

ఆ ఏడు వాన మా ఊళ్ళో కంటే పైన కొండల్లో ఎక్కువ కురిసింది. డ్యామ్‌లో ఖాళీ తరిగిపోతోంది. మా ఆయన ఇంటికి రావడం మానేశారు, క్యారియర్ పంపితే అలాగే తిరిగొచ్చేది. డ్యామ్ బాధ్యతంతా ఒక ఇంజనీరమ్మది. చిన్న వయసు, పెద్ద బుర్ర. ఆయన అక్కడే ఉండిపోయిన రెండో రోజు పొద్దున్నే ఆవిడ తేల్చి చెప్పింది. ఇంకా పట్టి ఉంచితే ఖాళీ మొత్తం అయిపోతుంది, అప్పుడు నీళ్ళు గోడ మీదుగా దూకుతాయి, వాటిని ఆపడం ఎవరి తరమూ కాదు. కరకట్ట తెగి ఊరంతా మునుగుతుంది. మధ్యాహ్నం గేట్లు ఎత్తితే కట్ట తట్టుకుంటుంది, ఊరు దక్కుతుంది. కానీ కట్టకి లోపలున్న పల్లం మాత్రం మునుగుతుంది.

సైరన్ మోగింది, మైకు కట్టిన జీపు పల్లంలో తిరిగింది. నేను మా అమ్మాయికి ఫోన్ చేస్తే నిమ్మకు నీరెత్తినట్టు మాట్లాడింది.

"నాన్న ఉన్నాడుగా అమ్మా. నువ్వు కంగారుపడి మమ్మల్ని కంగారు పెట్టకు."

అల్లుడు ఫోన్ అందుకున్నాడు. "మైకువాళ్ళు అలాగే అంటారు అత్తయ్యగారూ. మామయ్యగారు గేట్ల దగ్గర ఉండగా మనకేంటి?"

పెట్టేసిన కాసేపటికి మా ఆయన ఫోన్. గొంతు ఆయనది కానట్టే ఉంది. "ఆ వీధిలో ఒక్కరూ కదల్లేదట. గేట్లాయన కూతురే కూర్చుంది, మనకేం తొందరంటున్నారట. నువ్వెళ్ళి దాన్ని తీసుకురా."

"మీరే చెప్పచ్చుగా దానికి?"

"చెప్పాను. నవ్వింది. నా మాట వినడం లేదు, నన్ను నమ్ముకుని కూర్చుంది. వెనక సందులోంచి కాదు, వీధి నడిమధ్య నుంచి తీసుకురా. సామాను మోసుకుంటూ, అందరికీ కనబడేలా రండి. అది కదిలితేనే వాళ్ళు కదులుతారు."

పాల వ్యాన్ అతన్ని బతిమాలి ఎక్కి వెళ్ళాను. వానలో తడుస్తూ మా అమ్మాయి నారు ట్రేలు బల్ల మీదికి ఎక్కిస్తోంది.

"పదవే. మీ నాన్న గేట్లు ఎత్తుతున్నారు."

"ఎత్తడు."

"ఎత్తుతారే తల్లీ! ఎత్తక తప్పదు."

"మా ఇంటి మీదికా?"

"అవును. మీ ఇంటి మీదికే."

చేతిలో ట్రే అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది. ఆ చూపు శత్రువుకి కూడా వద్దు. తర్వాత లోపలికెళ్ళి, పరుపు చుట్టి నెత్తికెత్తుకుంది. మా అల్లుడు చెరో చేత్తో ఒక గులాబీ కుండీ పట్టుకుని బయల్దేరాడు.

"అవి కింద పెట్టు బాబూ!" అని అరిచాను. "కుండీలు పట్టుకుని పోతే అమ్మకానికి పోతున్నాడనుకుంటారు. బీరువా ఎత్తు!"

వీధి మధ్యలో నడిచాం. ముందు పరుపుతో మా అమ్మాయి, వెనక దర్జీ సాయంతో బీరువా మోస్తూ అల్లుడు, పక్కన గొంతు చించుకుంటూ నేను. "గేట్లాయన కూతురు వెళ్ళిపోతోందయ్యా! కళ్ళు తెరిచి చూడండి!" అరుగు మీద కూర్చున్న మంగలి చేతిలో టీ గ్లాసు కింద పెట్టి లోపలికి పరుగెత్తాడు. ఒక ఇంట్లోంచి ముసలామెని కుర్చీతో సహా ఎత్తుకొచ్చారు. మేము కరకట్ట ఎక్కి వెనక్కి చూసేసరికి వీధి వీధంతా మా వెంట ఉంది. అరగంట మైకు చేయలేని పని ఒక పరుపు చేసింది.

అక్కడ డ్యామ్ మీద ఇంజనీరమ్మ మా ఆయన్ని గేట్ల గదిలోంచి బయటికి పంపబోయిందట. తర్వాత తనే నాతో చెప్పింది. "బాబాయ్‌గారూ, మీరు వెళ్ళి కూర్చోండి, బటన్ నేను నొక్కుతాను" అందట. "కట్టుకోమన్నది నేనమ్మా. నేనే ఎత్తుతాను" అన్నారట ఈయన. ఎత్తేముందు నాకు ఫోన్ చేశారు.

"అందరూ వచ్చేశారా?"

"వచ్చేశారు."

"అమ్మాయేది?"

"నా పక్కనే ఉంది."

"ఒకసారి ఇస్తావా?"

ఇవ్వబోయాను. అది ముఖం తిప్పేసుకుంది. "సరేలే" అని పెట్టేశారు.

నీళ్ళు పెద్దగా చప్పుడు చేయకుండానే వచ్చాయి. ముందు వీధి తడిసినట్టు కనబడింది, తర్వాత వీధి కనబడలేదు. ఆకుపచ్చ పందిరి ఒక పక్కకి ఒరిగి, నారు ట్రేలు ఒకదాని వెనక ఒకటి తేలుతూ పోయాయి. చీకటి పడకముందే మా వాళ్ళ వంటింటి గోడ కూలింది. ఒక్క ప్రాణం పోలేదు. కట్టకి అవతల ఊళ్ళోకి చుక్క నీరు రాలేదు.

ఆ సాయంత్రమే పైన వాన ఆగిపోయింది.

ఇక చూడాలి జనం నోళ్ళు! డ్యామ్‌లో ఇంకా చోటుందట, ఒక్క పూట ఆగితే సరిపోయేదట, గేట్లాయన తొందరపడ్డాడట. ఊరు నిజంగా మునిగి ఉంటే ఆయన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళేమో. మునగలేదు కాబట్టి మునిగేదని ఎవరూ నమ్మలేదు. కొట్లో నా ముందే ఒకామె ఆ మాటంటే, నేను తిరిగి అన్నవి ఇక్కడ రాయకూడదు. ఆయన మాత్రం ఎవరికీ జవాబు చెప్పలేదు. ఇల్లు పోయినవాళ్ళ దగ్గరికి మాత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, "నా మాట నమ్మి కట్టుకున్నారు, తప్పు నాది" అని చెప్పి వచ్చారు. మంగలి తను తలదాచుకున్న ఇంటి తలుపు వేసేశాడు. దర్జీ కూర్చోమన్నాడు.

పిల్లలిద్దరూ మా రెండు గదుల ఇంట్లోనే ఉన్నారు. మా అమ్మాయి వాళ్ళ నాన్నతో మాట్లాడడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే, ఆయన ఎదురుగా ఉండగానే, "అమ్మా, మీ ఆయన్ని భోజనానికి రమ్మను" అనేది. ఆయన తల వంచుకుని వచ్చి, తల వంచుకుని తిని, మళ్ళీ గేట్ల దగ్గరికి పోయేవారు. నాకు గుండె తరుక్కుపోయేది. ఇద్దరిలో ఎవరిని తిట్టాలో తెలియక గిన్నెలని తిట్టేదాన్ని.

ఒక రోజు భోజనాల దగ్గర అదే నోరు విప్పింది.

"నాన్నా, ఆ సాయంత్రం వాన ఆగుతుందని తెలిస్తే ఎత్తేవాడివా?"

"ఎత్తేవాణ్ణి కాదు."

"మరి?"

"తెలీదు కదమ్మా." ఆయన కంచం పక్కకి జరిపారు. "తెలియకుండా ఊరితో పందెం కాయలేను. మీకు మాటిచ్చినప్పుడూ తెలీదు. అయినా ఇచ్చాను."

మా అల్లుడు గొంతు సవరించుకున్నాడు. పల్లంలో నేల ఇప్పుడు ఇంకా బాగుందనీ, కొత్త ఒండ్రు పడిందనీ, ఇల్లు కట్టకి అవతల ఊళ్ళో వెతుక్కుని, అక్కడ మొక్కలు మాత్రం మళ్ళీ పెడదామనుకుంటున్నామనీ చెప్పాడు. మా ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. ఇంతకాలానికి ఆయన మాటివ్వడానికి భయపడడం చూశాను.

"ఈసారి ఎత్తాల్సి వస్తే ముందు నాకు చెప్పు నాన్నా, మొక్కలు తెచ్చేసుకుంటాం" అంది మా అమ్మాయి.

"చెప్పే టైం లేకపోతే?"

"అప్పుడు చెప్పకుండానే ఎత్తెయ్."

ఆయన కంచం ముందు కూర్చునే, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. "తినే మనిషిని ఏడిపిస్తావేమే!" అని దాన్ని కసిరాను. అది నా మాట లెక్కచేయకుండా లేచి, ఆయన పక్కకి వెళ్ళి కూర్చుంది.