వీళ్ళలో మీకెవరైనా తెలుసా?

మా బావ సుందర్ రాజ్ ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళకంటే ముందు గోడ చూపించేవాడు. వచ్చినవాళ్ళు ఇంకా షూస్ విప్పుతుండగానే మొదలుపెట్టేవాడు. "వీళ్ళలో మీకెవరైనా తెలుసా?"

తెలిసే అవకాశం లేదు. ఆ గోడనిండా ఉన్నవి ఎవరో అమెరికన్ల పాత ఫోటోలు. అమెరికాలో వాళ్ళుండే నోవై ఊరి చుట్టుపక్కల పెద్దవాళ్ళు పోతే ఇంట్లోని సామానంతా ఎస్టేట్ సేల్ పెడతారు. జనం సోఫాలకీ పింగాణీ ప్లేట్లకీ ఎగబడితే, మా బావ మాత్రం మూల మిగిలిపోయిన అట్టపెట్టెలోని ఫోటోలు కొనుక్కొచ్చేవాడు. కొత్త కారు ముందు నిలబడ్డ కుటుంబం, చర్చి మెట్లమీద తెల్లగౌన్ల పిల్లలు, యుద్ధకాలంలో విమానాల ఫ్యాక్టరీ బయట తలకి రుమాళ్ళు కట్టుకుని టిఫిన్ డబ్బాలతో నవ్వుతున్న ఆడవాళ్ళు. పేర్లు తెలీవు కాబట్టి బావే వరసలు పెట్టాడు. కారాయన చిన్నాన్న. రుమాళ్ళవాళ్ళలో మధ్యనున్నావిడ పెద్దమ్మ.

"నా సొంత పెద్దమ్మ బీరువాలో ఉంది, ఈవిడేమో హాల్లో ఉంది," అనేది మా అక్క లూసీ.

"మీ పెద్దమ్మ ఎవరో మనకి తెలుసు కదా లూసీ. ఈవిడకే ఎవరూ లేరు."

ప్రార్థన కూటానికి వచ్చిన పాస్టర్‌గారైనా సరే, గోడ దాటాకే బైబిల్ తెరవాలి. పార్సిల్ డ్రైవర్ని కూడా చలిలో ఎందుకని లోపలికి పిలిచి మరీ అడిగేవాడు. కొత్త ఫోటో వస్తే పాతవాళ్ళందరికీ మళ్ళీ పరీక్ష.

ఇంతలో వాళ్ళమ్మాయి ఫెబీ పెళ్ళి మాట వచ్చింది. అది ఇష్టపడ్డ అబ్బాయి తల్లిదండ్రులు ఐసెలిన్ అనే ఊరినుంచి మొదటిసారి వస్తున్నారు. అబ్బాయి తండ్రి ఇమ్మాన్యుయేల్‌గారు ఔనంటేనే పెళ్ళి. ఆయన దేనికీ ఓ పట్టాన ఔననరట.

"డాడీ, ప్లీజ్. ఈ ఒక్కరోజు వాల్ గురించి మాట్లాడకు," అంది ఫెబీ. బావ నోరు తెరవనని మాటిచ్చాడు.

తెరిపించింది ఇమ్మాన్యుయేల్‌గారే. గోడ చూడగానే ఆయన టోపీ తీసి చేతులు కట్టుకున్నారు. మా కోస్తా క్రైస్తవుల ఇళ్ళలో పాతకాలపు తెల్లవాళ్ళ ఫోటో ఉందంటే అర్థం ఒకటే.

"మీ తాతగార్లకి బాప్తిస్మమిచ్చిన దొరలాండీ, సార్?"

ఔనని చెప్పమని అక్క కళ్ళతోనే బతిమాలింది. అబద్ధం బావకి రాదు.

"కాదండీ. ఎవరో తెలీదు. ఎస్టేట్ సేల్లో దొరికారు."

కట్టుకున్న చేతులు మెల్లగా విడివడ్డాయి. ఇమ్మాన్యుయేల్‌గారు భార్య వంక చూశారు. ఫెబీ నేల చూసింది.

"మరి వేలాడదీశారేం?"

"వాళ్ళవాళ్ళు వస్తే పెట్టెలో వెతుక్కోకూడదు కదండీ." అక్కడితో ఆగితే బాగుండేది. "పోనీ, మీకెవరైనా తెలుసా?"

అప్పుడే బెల్ మోగింది. అంతకుముందు నెల హీటర్ బాగుచేసిన మెకానిక్, పక్కన మంచు దులుపుకుంటూ వాళ్ళమ్మ. మెకానిక్కీ అప్పట్లో గోడ పరీక్ష జరిగింది. అతను రుమాళ్ళ ఫోటో ఫోన్లో తీసుకెళ్ళి ఆవిడకి చూపించాడట.

ఆవిడ నేరుగా గోడ దగ్గరికి నడిచి, మధ్యనున్న మనిషిమీద వేలు పెట్టింది. "మా అమ్మ," అంది, ఎవరితోనూ కాకుండా. చిన్నప్పుడు వాళ్ళ ఇల్లు కాలిపోతే ఒక్క ఫోటో కూడా మిగల్లేదని కొడుకు చెప్పాడు.

బావ ఫ్రేము దించి ఆవిడ చేతిలో పెట్టాడు. వాళ్ళమ్మ పేరేమిటని అడిగాడు.

"హేజెల్."

"హేజెల్ పెద్దమ్మ," అని సరిచేసుకున్నాడు బావ, తెలుగులో.

బయట మెట్లమీద ఐసు. ఇమ్మాన్యుయేల్‌గారే ఒక చేత్తో ఫ్రేమూ ఇంకో చేత్తో ముసలావిడ మోచేయీ పట్టుకుని కారుదాకా వెళ్ళొచ్చారు. వచ్చి, మిగతా ఫోటోలన్నీ తన ఫోన్లో తీసుకోవడం మొదలుపెట్టారు.

"మా ఓక్ ట్రీ రోడ్డులో కూడా అడిగి చూస్తాను, బావగారూ."

అక్కడ తిరిగేవాళ్ళంతా మన ఇండియావాళ్ళేనని ఎవరూ గుర్తుచెయ్యలేదు. అప్పటిదాకా 'సార్' అన్న మనిషి 'బావగారూ' అన్నాక ఫెబీ ఊపిరి వదలడం నాకు వినబడింది.

హేజెల్ పెద్దమ్మ చోటు బావ ఖాళీగానే ఉంచాడు. పోయినేడు ఆయన పోయాక అక్క అక్కడ ఆయన ఫోటో పెట్టింది. మొన్న నేనక్కడ ఉండగా పార్సిల్ డ్రైవర్ వచ్చాడు. అక్క అతన్ని లోపలికి పిలిచి గోడ చూపించి అడిగింది.

అతను బావని చూపించాడు. "ఈయన తెలుసు. ఎప్పుడొచ్చినా ఇదే అడిగేవాడు."

అక్క అప్పుడు మంచినీళ్ళు తెచ్చింది.