తీగ కనిపించిన రోజులు

చాలా ఏళ్లు నేను ముహూర్తాలకు వ్యతిరేకంగా మాట్లాడాను. చిత్తూరులో, గూడూరులో, ఎక్కడ మైకు దొరికితే అక్కడ. మంచి రోజు, చెడ్డ రోజు అనే మాట ఇంట్లో వినబడితే ఒళ్లు మండేది. మాకు బిడ్డలు ఎందుకు లేరో చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నా భార్య పాడి ఇంటి పిల్ల. మా ఇంట్లోనూ రెండు జెర్సీ ఆవుల్ని మేపింది. ఆవు ఎదకొస్తే వెనక జిగురు తీగలా సాగుతుంది. ఆ తీగ గాజులా తేటగా ఉంటేనే ఆమె చూడి కట్టించే సూది వేసే మనిషికి ఫోను చేసేది. మబ్బుగా ఉంటే, ఈసారి చూడి నిలవదని ఊరుకునేది.

పెళ్లయిన కొత్తలో, నెలలో ఏదో ఒక పొద్దున, సభకు బయలుదేరుతున్న నన్ను ఆపేది.

"ఈపొద్దు యాడికీ పోవద్దు. ఈపొద్దూ రేపూ మంచి రోజులు."

"మే, నువ్వు కూడా పంచాంగం చూడబట్టినావా?" అని నవ్వి బస్సెక్కేవాణ్ణి. ఒకసారి నవ్వలేదు, అరగంట ఉపన్యాసమిచ్చాను. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. తిరుమలకు మొక్కుకోమన్న బంధువులతో నేను గొడవపడితే మాత్రం నా పక్కనే నిలబడింది. అదంతా నా గెలుపనుకున్నాను.

నలభై దాటాక తిరుపతిలో ఒక డాక్టరమ్మకు చూపించుకున్నాం. ఇద్దరిలోనూ పెద్ద లోపమేమీ లేదంది. నెలలో ఏ రోజుల్లో కలుస్తారని అడిగితే, రోజులతో పనేముందన్నాను. అప్పుడు విడమరిచి చెప్పింది. నెలలో ఎక్కువ రోజులు గర్భాశయ ద్వారం దగ్గర జిగురు చిక్కగా ఉండి వీర్యకణాలను ఆపేస్తుంది. అండం విడుదలయ్యే ముందు కొద్ది రోజులే అది పలచబడి, గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఉత్త నీళ్లలాంటి ద్రవంలో గుండ్రంగా తిరిగే కణాలు కూడా ఆ జిగురులో తిన్నగా ఈదుతాయట. లోపలి నుంచి వచ్చే ప్రవాహానికి ఎదురెక్కుతాయట. బీజం పరుగెత్తుతుంది, క్షేత్రం ఊరికే పడి ఉంటుంది అనే పాత మాట, ఇంత హేతువాదం మాట్లాడిన నా బుర్రలోనూ ఉండిపోయింది. ఈత మగవాడి కణానిది. దారి ఇచ్చేది, మూసేది ఆడదాని ఒళ్లు.

నా భార్య తల వంచుకుని వింది.

"తేటగా, తీగ మాదిరి ఉంటాది గదమ్మా. ఆవులకుండేట్టే నాకూ ఉన్నింది. ఆ రోజుల్లోనే ఈయన్ను ఉండమన్నా."

నా జీవితమంతా ఎదుటివాళ్లను అడిగింది ఆధారం. ఆమె కళ్లారా చూసి చెబితే, పంచాంగమని ఎగతాళి చేశాను.

తిరుగు బస్సులో, ఇదంతా అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పనిచ్చినావా నువ్వు?" అంది, కోపం లేకుండానే.

అవకాశం తక్కువే అయినా లేకపోలేదని డాక్టరమ్మ అంది. నేను ఊళ్లు తిరగడం మానేశాను. కొన్ని నెలలు ఆ రోజులు వచ్చినప్పుడల్లా ఆమె చెప్పింది, నేను ఇంట్లో ఉన్నాను. ఏమీ నిలవలేదు.

మొన్న మళ్లీ ఒక సభకు పిలిచారు. రాలేనని ఫోను పెట్టేశాను. ఆమె వింటూనే ఉంది.

"పోయిరా. నాకు ముట్లుడిగిపోయి ఆర్నెల్లాయ," అంది.

పోలేదు. మధ్యాహ్నం దాకా ఇద్దరం వసారాలో కూర్చున్నాం. మాకొక పాప ఉండి ఉంటే ఈపాటికి ఎంతదయ్యేదో ఆమె ఆలోచిస్తోందో లేదో నాకు తెలియదు. నేను ఆలోచిస్తూనే ఉన్నాను.